చెప్పేవారు నష్టపోని చోటు: ఉద్యోగ సంస్థలు అమీర్‌పేటను చూసి నేర్వదగినది

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం

1877లో పుట్టి 1923లో, నలభయ్యారేళ్లకే కన్నుమూసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారి స్మృతికి ఈ ఉపన్యాసాన్ని అంకితం చేస్తున్నాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినప్పుడూ, 1906లో ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైనప్పుడూ ఆయన ముందువరసలో ఉన్నారు. చరిత్ర, శాస్త్ర విషయాలు తెలుగులో చదువుకునే వీలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆ మండలి వాటిని పుస్తకాలుగా అచ్చువేసింది. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము ఆ మండలి ద్వారానే జనానికి చేరింది. లక్ష్మణరావు గారు తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు, అది పూర్తికాకుండానే వెళ్లిపోయారు. ఆయన కృషిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒకటుంది. తెలిసినవారి దగ్గరున్నది తెలియనివారికి చేరాలని కోరుకున్నవారు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు. ఆయన కోరుకోవడంతో ఆగలేదు. రచయిత, పరిష్కర్త, అచ్చు, అమ్మకం, గ్రంథాలయం అనే ఏర్పాటు నిర్మించారు. జ్ఞానం సద్భావంతో మాత్రమే కదలదని, దాన్ని కదిలించే ఏర్పాటుకు ఎవరో ఖర్చు భరించాలని ఆయన గ్రహించారు. ఈ రోజు నేను చెప్పబోయేదానికి పునాది అదే.

నూరేళ్ల కింద జ్ఞానం పరభాషా గ్రంథాల్లో బందీగా ఉండేది. ఇప్పుడు దానిలో పెద్ద భాగం ఉద్యోగ సంస్థల్లో, పనిచేసేవారి బుర్రల్లో ఉంది. ఫలానా సర్వర్ నెలాఖరున ఎందుకు మొరాయిస్తుందో, ఫలానా ఖాతాదారు ఏ మాటకు నొచ్చుకుంటాడో, ఫలానా యంత్రం శబ్దం మారితే ఏ భాగం చూడాలో ఏ పుస్తకమూ చెప్పదు. తెలిసిన మనిషి పక్కవారికి చెప్పాలి. చాలా సంస్థలు ఈ విషయం గుర్తించాయి. అయితే ఉద్యోగులు చెప్పకపోవడానికి వారి స్వార్థమో బద్ధకమో కారణమని అనుకొని, దానికి మూడు మందులు వాడుతున్నాయి: ఉపదేశం, సాఫ్ట్‌వేర్, బహుమతి. నా వాదన వేరు. సంస్థల్లో చెప్పడానికయ్యే ఖర్చంతా చెప్పేవారి మీద పడుతోంది, లాభం మాత్రం ఇతరులకు పోతోంది. ఆ లెక్క సరిచేయకుండా ఎన్ని ప్రోత్సాహాలు ప్రకటించినా ఫలితం స్వల్పం. లెక్క సరిగా ఉంటే మన మనుషులు ఎంత ధారాళంగా చెబుతారో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. అమీర్‌పేట చాలు.

హైదరాబాదులోని అమీర్‌పేట ఇప్పుడు రెండు మెట్రో దారులు కలిసే కూడలి. దేశమంతటా దానికి పేరు తెచ్చింది మాత్రం మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ అనే భవనాలు, వాటి చుట్టూ ఉన్న సందుల్లోని కోచింగ్ సెంటర్లు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయంతో పాశ్చాత్య కంపెనీలకు పెద్ద ఎత్తున ప్రోగ్రామర్లు కావలసివచ్చిన రోజుల్లో ఇక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ క్లాసులు నిండిపోయాయి. తరువాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్ వచ్చాయి. ఇప్పుడు క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్ నడుస్తున్నాయి. ఈ ప్రాంతపు ఐటీ పనివారి వలసను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్, 2007లో వెలువడిన గ్లోబల్ బాడీ షాపింగ్ అనే పుస్తకంలో ఈ శిక్షణ వ్యాపారాన్ని ప్రపంచ సాఫ్ట్‌వేర్ శ్రమ మార్కెట్టులో ఒక భాగంగా చూపించారు. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చినా పని చేతకాని పిల్లలు ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లలో దిగి, కాలేజీ నాలుగేళ్లలో రానిది ఇక్కడ కొన్ని నెలల్లో నేర్చుకొని ఉద్యోగాలకు పోయారు. ఈ కథలో విద్యార్థుల గురించి చాలా రాశారు. నా దృష్టి చెప్పేవారి మీద ఉంది.

ఇక్కడ క్లాసు చెప్పేవారిలో ఉద్యోగం మానేసి బోధనే వృత్తిగా తీసుకున్నవారున్నారు. తెల్లవారుజామునో, సాయంత్రమో, శని ఆదివారాల్లోనో పాఠం చెప్పి మిగతా వేళ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవారూ ఉన్నారు. వారిని చెప్పనిచ్చే పరిస్థితులు మూడు. మొదటిది పేరు. అమీర్‌పేట గోడల మీద, కరపత్రాల మీద సంస్థ పేరుతో పాటు పాఠం చెప్పే సార్ పేరు కనిపిస్తుంది. విద్యార్థులు కూడా ఏ సెంటర్ అని అడిగే ముందు ఏ సార్ అని అడుగుతారు. ఆయన రన్నింగ్ నోట్సు జిరాక్స్ షాపుల్లో ఆయన పేరుతోనే దొరుకుతుంది. రెండవది వేళ. చెప్పే గంట చెప్పడానికే కేటాయించిన గంట, దానికి ప్రతిఫలం ఉంది. మూడవది, చెప్పడం వల్ల ఆయన స్థానం తగ్గదు. వందమందికి చెప్పినా నూట ఒకటో మనిషి మళ్లీ ఆయన దగ్గరికే వస్తాడు. పైగా డెమో క్లాసు అనే ఆచారం ఉంది. మొదటి పాఠం ఉచితంగా విని, నచ్చితేనే ఫీజు కడతారు. అంటే దాచుకున్నవాడికి ఇక్కడ విద్యార్థులు రారు. తనకు తెలిసింది మొదటి రోజే విప్పి చూపినవాడు నిలుస్తాడు.

ఇదే మనిషి పగలు ఆఫీసులో ఎలా ఉంటాడో చూద్దాం. పక్క సీటు కుర్రవాడు సందేహం అడుగుతాడు. దానికి గంట పడుతుంది. ఆ గంట టైమ్‌షీట్‌లో రాసుకోవడానికి గడి ఉండదు, తన పని మాత్రం ఆ సాయంత్రానికే పూర్తికావాలి. చెప్పిన ఉపాయంతో కుర్రవాడు సమస్య తీరిస్తే మెయిల్‌లో కుర్రవాడి పేరే ఉంటుంది. సంవత్సరాంతాన పనితీరును అంచనా వేసే అప్రైజల్‌లో ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి ఎవరు ఎక్కువని తూస్తారు. ఇక ప్రాజెక్టు నుంచి ఎవరినైనా తప్పించి, పనిలేకుండా కూర్చోబెట్టే బెంచి మీదికి పంపాల్సివస్తే, ఎవరు లేకపోయినా పని నడుస్తుందని తేలుతుందో వారే ముందు వెళతారు. తనకు మాత్రమే తెలిసిన సంగతి ఉండటం ఆ ఉద్యోగికి బీమా. దాన్ని ఉచితంగా వదులుకోమని సంస్థ అడుగుతోంది. ఇలాంటి పరిస్థితిలో దాచుకోవడం దుర్గుణమని నేననుకోను, అది తెలివైన మనిషి చేసే సరైన లెక్క. అందుకే మన ఐటీ కంపెనీల్లో కేటీ అని పిలిచే జ్ఞాన బదిలీ ఎక్కువగా నోటీస్ పీరియడ్‌లో జరుగుతుంది. మనసు అప్పటికే వెళ్లిపోయిన మనిషి, మరో పనిలో మునిగి ఉన్న మనిషికి హడావిడిగా చెబుతాడు. ఆ సెషన్లు రికార్డు చేసి ఎక్కడో భద్రపరుస్తారు. సందేహం వచ్చిన రోజున ఆ రికార్డింగులో వెతికి పట్టుకోవడం కన్నా మొదటినుంచి తంటాలు పడటమే సులువనిపిస్తుంది.

చెప్పినవారికి డబ్బిస్తే సరిపోతుంది కదా అని మీరడగవచ్చు. దీనికి మన దేశంలోనే గట్టి ఉదాహరణ ఉంది. ఇన్ఫోసిస్ 2000 ప్రాంతంలో కె-షాప్ అనే అంతర్గత భాండాగారం నడిపింది. ఉద్యోగులు తమ అనుభవాన్ని పత్రాలుగా రాసి అందులో పెడితే నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు వచ్చేవి, వాటిని ప్రతిఫలంగా మార్చుకోవచ్చు. రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి ఈ ప్రయోగాన్ని పరిశీలించి 2005లో ఎంఐఎస్ క్వార్టర్లీ పత్రికలో వ్యాసం రాశారు. యూనిట్ల ఆశతో పత్రాలు కుప్పలుగా వచ్చాయి. వాటిని పరిశీలించాల్సిన నిపుణులు భారం మోయలేకపోయారు. నాణ్యత మీద అనుమానం మొదలైంది. చివరికి సంస్థ డబ్బు విలువను తగ్గించి, గుర్తింపు వైపు, వాడుకున్నవారి తీర్పు వైపు మొగ్గాల్సివచ్చింది. తప్పు తెలుసుకొని సరిదిద్దుకోవడం ఆ సంస్థకు గౌరవమే. మనం గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ ప్రతిఫలం ప్రధానంగా పత్రానికి ముట్టింది, అవతలి మనిషికి అర్థమైందా లేదా అన్నది తగినంతగా లెక్కలోకి రాలేదు. అమీర్‌పేటలోనూ డబ్బుంది. కాని అక్కడ నేర్చుకునేవాడే తీర్పరి. అర్థం కాకపోతే మూడో రోజుకు బెంచీలు ఖాళీ అవుతాయి.

పేరుకు ఉన్న బలం ఎంతో జెరాక్స్ కంపెనీ అనుభవం చెబుతుంది. ఆ కంపెనీ కాపీయింగ్ యంత్రాలు బాగుచేసే సాంకేతికుల పనిని మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్ దగ్గరగా చూసి, 1996లో టాకింగ్ అబౌట్ మెషీన్స్ అనే పుస్తకం ప్రచురించారు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో లేని చిక్కులు వచ్చినప్పుడు ఆ సాంకేతికులు ఒకచోట చేరి కాఫీ తాగుతూ, భోజనం చేస్తూ, తాము చూసిన యంత్రాల కథలు చెప్పుకొనేవారు. పైకి కాలక్షేపంలా కనిపించే ఆ కబుర్లలోనే అసలు జ్ఞానం ఒకరినుంచి ఒకరికి పోతోందని ఓర్ చూపించారు. ఆ అవగాహనతో 1990లలో యురేకా అనే ఏర్పాటు వచ్చింది. సాంకేతికుడు తన ఉపాయాన్ని రాస్తాడు, తోటి సాంకేతికులు పరీక్షిస్తారు, సరైనదైతే రాసినవాడి పేరుతోనే అది అందరికీ అందుతుంది. ఉపాయానికింత అని రొక్కం ఇవ్వకుండా పేరును ప్రతిఫలంగా నిలపడం ఆ ఏర్పాటులోని కీలకం. తోటి పనివారు తన పేరు తలుచుకొని యంత్రం బాగుచేసుకుంటారన్న తృప్తి ఆ మనుషులను రాయించింది. మైత్రీవనం గోడ మీద సార్ పేరు చేసే పనీ ఇదే.

పేరు ఒక్కటే నిలబెట్టలేదు. అప్రైజల్ ఎదురు తిరిగితే పేరూ ఓడిపోతుంది. 1998 నుంచి హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రోసాఫ్ట్‌నే తీసుకుందాం. ఆ కంపెనీ చాలాకాలం ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి వరుసల్లో పెట్టే పద్ధతి పాటించింది. ఒక జట్టులో అందరూ బాగా పనిచేసినా కొందరిని అడుగున చూపక తప్పదు. అలాంటి జట్టులో తోటివాడికి నేర్పడమంటే తన మెట్టు వదులుకోవడమే. 2013 నవంబరులో కంపెనీ ఆ పద్ధతిని రద్దు చేసింది. సొంతంగా ఏం సాధించావన్న ప్రశ్నతో పాటు, ఇతరుల విజయానికి ఏం తోడ్పడ్డావు, ఇతరులు చేసినదాన్ని ఆధారం చేసుకొని ఏం నిర్మించావు అనే ప్రశ్నలు చేర్చింది. నేనైతే మూడో ప్రశ్నకు ఎక్కువ విలువిస్తాను. చెప్పినవారిని మెచ్చుకుంటే సరిపోదు. పక్కవారిని అడిగి నేర్చుకున్నవారినీ మెచ్చుకోవాలి. మన ఆఫీసుల్లో అడగడం చేతకానితనంగా కనబడుతుంది కాబట్టి, చెప్పే మనసున్నవారి దగ్గరికి కూడా అడిగేవారు రారు.

వేళ సంగతికి వస్తే, అమీర్‌పేటకు అడుగు దూరంలోని పంజాగుట్టలో మంచి ఉదాహరణ కనిపిస్తుంది. 1960లలో నిజాం ట్రస్టు ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై, తరువాత నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా ఎదిగిన నిమ్స్ బోధనాసుపత్రి. బోధనాసుపత్రుల్లో రౌండ్స్ వైద్యానికీ పాఠానికీ కలిపి జరుగుతాయి. పెద్ద డాక్టరు మంచం దగ్గర నిలబడి జూనియర్లను ప్రశ్నలడగడం ఆయన ఉదారత అనిపించుకోదు, అది ఆయన ఉద్యోగం. ఆయన హోదా పేరే ప్రొఫెసర్. చెప్పడాన్ని పనికి అదనంగా చూడకుండా పనిలోనే కలిపిన వ్యవస్థ అది. పల్లెల్లో ఇదే సూత్రం మరో రూపంలో పనిచేసింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, పొదుపు సంఘాల్లో ఆరితేరిన మహిళలనే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా వేరే ఊళ్లకు పంపింది. వారు ఆ ఊళ్లలో మకాం వేసి, తమ సంఘం ఎలా నిలబడిందో అక్కడి ఆడవాళ్లకు చెప్పారు. అందుకు గౌరవ వేతనం ముట్టింది. తరువాత వారు బిహార్‌లోని జీవిక వంటి కార్యక్రమాలకూ వెళ్లి తెలుగు పల్లెల అనుభవాన్ని పంచారు. పెద్ద చదువుల్లేని మహిళలు రాష్ట్రాలు దాటి నేర్పగలిగారంటే, వారి చెప్పే రోజును ఒక సంస్థ పనిదినంగా లెక్కించి కూలి కట్టబట్టే.

పేరు, వేళ, తూకం సరిపోయినా ఒక భయం మిగులుతుంది. అన్నిటికన్నా విలువైన జ్ఞానం తప్పుల్లో ఉంటుంది, తప్పు చెప్పుకుంటే శిక్ష పడుతుంది. బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ వందేళ్ల కిందటే ప్రతి రోగి చివరికి ఏమయ్యాడో రాసి, వికటించినచోట కారణం బయటపెట్టాలని పట్టుబట్టాడు. తోటివారికి అది రుచించలేదు. ఆయన 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పదవి వదులుకోవాల్సివచ్చింది. అయినా మరణాలను, వికటించిన చికిత్సలను సమీక్షించే సమావేశాలు తరువాత వైద్యవిద్యలో భాగమయ్యాయి. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి జట్లలో మందుల పొరపాట్లను లెక్కిస్తే, మంచి నాయకత్వం ఉన్న జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ జట్లు అధ్వానంగా పనిచేశాయని కాదు దానర్థం. అక్కడివారు భయం లేకుండా చెప్పుకొన్నారు, మిగతాచోట్ల దాచుకొన్నారు. మన సంస్థల పాలకులు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకున్నా చాలు. ఏ పొరపాటూ నమోదుకాని విభాగాన్ని సన్మానించే ముందు అక్కడ నోళ్లు ఎందుకు మూతబడ్డాయో విచారించాలి.

ఇక నా వాదనకు వచ్చే అభ్యంతరాలు. అమీర్‌పేట ఒక బజారు, అక్కడ నకిలీ అనుభవ పత్రాలు తయారవుతాయి, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టిస్తారు, దాన్ని ఆదర్శంగా చూపవచ్చా అని అడగవచ్చు. అభ్యంతరం న్యాయమైనదే. చేయని పనిని చేసినట్టు రాయించే వ్యాపారాన్ని నేను సమర్థించను. అయితే ఆ లోపం నా వాదనకే బలమిస్తుంది. బజారు చెప్పగలిగింది భాష, పరికరం, పద్ధతి. నిజమైన ప్రాజెక్టులో, నిజమైన ఒత్తిడిలో వచ్చే వివేకం పనిచోటే రావాలి. పనిచోట ఎవరూ చెప్పకపోతే ఆ వివేకానికి బదులు నకిలీ పత్రం గిరాకీ తెచ్చుకుంటుంది. రహస్యాల మాటేమిటని ఇంకొకరు అడగవచ్చు. ఖాతాదారు సమాచారం, కంపెనీ కోడు గుమ్మం దాటకూడదు, సందేహం లేదు. కాని సంస్థ లోపల, ఒకే గదిలో కూర్చున్నవారి మధ్య జరిగే దాపరికానికి ఆ నియమం సాకు కాకూడదు. లోపల చెప్పడానికి గౌరవమైన దారి ఉంటే, బయట చెప్పకూడనిది చెప్పాలన్న తహతహ కూడా తగ్గుతుంది.

కృత్రిమ మేధ వచ్చింది, ఇక మనిషి మనిషికి చెప్పే అవసరం ఏముందన్నది కొత్త అభ్యంతరం. రాసిపెట్టినదాన్ని వెతికి సంక్షేపించడంలో ఆ యంత్రాల సామర్థ్యాన్ని నేను కాదనను. కాని తత్త్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లో గుర్తుచేసినట్టు మనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేం. మాటల్లో పెట్టగలిగినదాన్నైనా మొదట ఎవరో మనిషి చెప్పాలి. దాచుకునే సంస్థలో యంత్రానికి అందేది పాతబడిన మాన్యువళ్లు, ఎవరూ వినని కేటీ రికార్డింగులు. అంతకు మించినది దాని నుంచి రాదు. మరొకటి కూడా ఉంది. తాను చెప్పింది యంత్రంలోకెళ్లి తన ఉద్యోగానికే ఎసరు పెడుతుందని ఉద్యోగి భయపడుతున్న రోజులివి. చెప్పేవారి నష్టం ఇదివరకటికన్నా పెరిగింది కాబట్టి, ఆ నష్టం వారి మీద పడదని హామీ ఇచ్చే బాధ్యత కూడా సంస్థకు పెరిగింది.

చివరి అభ్యంతరం యజమానులది. నేర్పిస్తే నేర్చుకొని వెళ్లిపోతారు, ఇంత ఖర్చు ఎందుకు? ఉద్యోగులు మారుతూనే ఉంటారన్నది ఈ నగరంలో అందరికీ తెలిసిన సత్యం. అందుకే చెప్పడం నోటీస్ పీరియడ్‌కు వాయిదా పడకూడదు. మొదటి నెల నుంచి పనిలో కలిసి ఉండాలి. చిన్న సంస్థలకు ఇంత తాహతు లేదన్న మాటనూ విన్నాను. నేను కోరుతున్నవాటికి పెద్ద భవనాలు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ప్రాజెక్టు గంటలు వేసేటప్పుడే చెప్పే గంటలను అందులో చేర్చాలి, టైమ్‌షీట్‌లో దానికొక గడి ఉండాలి. ఉపాయం ఎవరిదో వారి పేరు దాని వెంట ఉండాలి. అప్రైజల్‌లో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావని ప్రతివారినీ అడిగి, ఆ జవాబుల్లో కనిపించిన పేర్లకు పదోన్నతిలో విలువివ్వాలి. ఒకరిని మరొకరితో తూచే వరుసలు తీసేయాలి. నెలకోసారైనా తప్పులు చెప్పుకునే సమావేశం జరగాలి, అక్కడ చెప్పిన తప్పు శిక్షకు ఆధారం కాకూడదు. తనకు తెలిసింది నేర్పి తన అవసరం తగ్గించుకున్న ఉద్యోగికి ఇంకా పెద్ద పని అప్పగించాలి. బెంచి మీదికి పంపకూడదు.

చెప్పగలిగినవారికి ఈ నేల మీద కొరత లేదు. రోజంతా ఆఫీసులో అలసి, సాయంత్రం అమీర్‌పేటకొచ్చి తమకు ముక్కూమొహం తెలియని పిల్లలకు గొంతు పోయేలా పాఠం చెప్పే మనుషులు ఈ నగరంలో ఉన్నారు. వారే పగలు తమ సంస్థలో మౌనంగా ఉంటున్నారంటే, లోపం వారి స్వభావంలో లేదు. చెప్పడానికయ్యే ఖర్చును సంస్థ తన పద్దులో రాసుకోవాలి. అది రాసుకోకుండా జ్ఞానం పంచుకోండని ఎన్ని పోస్టర్లు అతికించినా, ఉద్యోగుల సొంత జేబుల్లోంచి చందా అడిగినట్టే అవుతుంది. లక్ష్మణరావు గారి తరం పుస్తకం విషయంలో ఆ ఖర్చు భరించే ఏర్పాటు చేసి చూపింది. పని విషయంలో అదే ఏర్పాటు చేయడం మన తరం సంస్థల బాధ్యత. ఈ సభలో సంస్థలు నడుపుతున్నవారు, జట్లు నడుపుతున్నవారు ఉన్నారు. రాబోయే అప్రైజల్ పత్రంలో ఎవరి దగ్గర నేర్చుకున్నావన్న ఒక్క ప్రశ్న చేర్చి దీన్ని మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.